బేసిన్ బ్రిడ్జి ఎత్తుగడ

దానికి నాలుగు విద్యలే పడతాయి.
ఐదోది నేర్పాలంటే ఒకటి మరిపించాలి.
మరిచింది మళ్ళీ రాదు. అందుకే
ఆట ముందే అడుగుతుంది: నిజంగానా?

రిచీ స్ట్రీట్, మూడో అంతస్తు.
చిప్పులు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యని గది.
మధ్యాహ్నం అన్నం డబ్బా కడిగి బోర్లించి
సోల్డరింగ్ ఇనుము మళ్ళీ వేడెక్కేలోపు
నా నత్తను బయటికి తీస్తాను.

ఆటలో దాని పేరు నోరు తిరగనంత పొడుగు.
నేను పెట్టుకున్నది గుల్లమ్మ.
వీపు మీద కోట, కోట మీద నాచు.
కొడితే గోడ కూలుతుంది,
కొట్టే వంతు వచ్చేదాకా బతికుంటే.

పక్క బల్ల సెల్వమణి అంటాడు:
"విషం పెట్టు, ముడుచుకో, నిద్రపో, మళ్ళీ విషం.
అవతలోడు విసిగి ఫోను నేలకేసి కొడితే
బాగుచేయించడానికి మన దగ్గరికే వస్తాడు."
కౌంటర్లో వహీదా అంటుంది:
"ముందు కొట్టినోళ్ళదే ఆట. పాయింట్లన్నీ వేగానికి పొయ్."
ఎద్దుబండికి సైలెన్సర్ బిగించినట్టు.

రెండు వారాలు సూళ్ళూరుపేట లోకల్లో
బిల్లు పుస్తకం వెనక అట్ట మీద లెక్కలు.
నిప్పుతోక జాతి కొడితే రెండు దెబ్బలకు పోతామా, మూడింటికా?
పదహారు పాయింట్లు ఇటు జరిపితే
రెండో దెబ్బ తర్వాత ఒక్క చుక్క ప్రాణం మిగులుతుంది.
ఒక్క చుక్క చాలు. కానీ దాంతో ఏం చెయ్యాలి?
పొన్నేరిలో తెలీలేదు, ఎన్నూరులో తెలీలేదు.

రోజూ లాగే బేసిన్ బ్రిడ్జిలో బండి ఆగింది.
పక్క పట్టాల మీద ఎక్స్‌ప్రెస్సూ ఆగింది,
ఏసీ పెట్టె అద్దంలో ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు.
మా ఇద్దరి మధ్యలోంచి
ఒక ఖాళీ గూడ్సు, ఊగుతూ, ఏ తొందరా లేకుండా
ముందు పోయింది.

తిరగేత అని ఒక విద్య ఉంది. ఎవరూ పెట్టుకోరు.
వేస్తే ఐదు వంతులపాటు
అందరికంటే మెల్లగా నడిచేదానిదే మొదటి దెబ్బ.

చోటు కావాలి. మిగిలిన మూడూ పనికొచ్చేవే.
నాలుగోది నాకుడు:
గుడ్డు పగిలి బయటికొచ్చిన రోజు దానికి తెలిసిన ఒకే విద్య.
ఎవరికీ దెబ్బ తగలదు, కాస్త జిగురంటుతుంది, అంతే.
నిజంగానా?
కాసేపు పట్టాల మీద నూనె మరకలు చూశాను.
అవును.

వేగానికి సున్నా. కావాలనే సున్నా.
సున్నా వచ్చినందుకు సంబరపడటం
నాకు ఇదే మొదలు.

ఆదివారం. షట్టరు సగం దించి పోటీ.
పదహారు మందిమి, ఒకటే ప్లగ్గు పాయింటు.
రెండో రౌండులో నా ఎదురుగా
మన్నడి నుంచొచ్చిన తమీమ్, ఎనిమిదో తరగతి,
కాళ్ళు నేలకందక స్టూలు మీద ఊపుతూ.
తిరగేత వేశాను. తెర మీద లోకం తలకిందులైంది.
వాడి నిప్పుతోక, ఊళ్ళో అందరికంటే చురుకైంది,
తన వంతు కోసం నిలబడి, నిలబడి, కూలింది.
సెల్వమణి ఈల వేశాడు.

తమీమ్ నా పొట్లంలోంచి ఒక మురుకు తీసుకుని
రాయిని దింపాడు.
కళ్ళు కూడా లేని వట్టి రాయి.
గుల్లమ్మ వేగం ముప్పై ఒకటి.
రాయిది ముప్పై.

నేను కట్టిన గదిలో
నాకంటే ముందు వాడే కొట్టాడు.

"ఒక్కటే తేడా అక్కా," అన్నాడు,
ఓదార్చడానికి కాదు, లెక్క చెప్పడానికి.

రాత్రి బండి. మళ్ళీ బేసిన్ బ్రిడ్జి. మళ్ళీ ఆగింది.
అన్నీ తీసేశాక కూడా
ఆ ఒక్కటి ఎక్కడ దాక్కుందో దాని ఒంట్లో.
ఆట అంగట్లో ఇనప గుండు అమ్ముతారు,
మెడకు కడితే వేగం సగమవుతుంది.
లేదా బద్ధకం పుట్టుకతోనే వచ్చినదాన్ని
గుడ్డు నుంచి పెంచుకురావాలి,
మొదట్నుంచీ, నాకుడుతో సహా.

"ఎప్పుడు కదిలి చస్తదో," అని
తలుపు దగ్గర ఎవరో విసుక్కున్నారు.
నేను గుడ్డు మీద వేలు పెట్టాను.